సగం మొద్దుబారిన ఉంగరపు వేలు: పొందూరు రాట్నం దగ్గర నుంచి ఒక కేసు

శ్రీకాకుళంలో నాది జనరల్ మెడిసిన్ ప్రాక్టీసు. ఏటా వేసవిలో డిగ్రీలో జువాలజీ చదివే పిల్లలు ఇద్దరు ముగ్గురు వచ్చి, నెల రోజులు నా ఓపీ గదిలో ఒక మూల కూర్చుంటారు. ఎముకల పేర్లన్నీ వాళ్లకు కంఠతా వచ్చు. మణికట్టులో ఎన్ని ఎముకలని అడిగితే జవాబు నాలుక చివరే ఉంటుంది. "నీ మణికట్టు మీద వాటిలో ఒక్కదాన్ని వేలు పెట్టి చూపించు" అంటే మాత్రం ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. ఈ కేసు అలాంటి వాళ్ల కోసం రాసుకున్నది. ఇందులో నేను చేసిన పొరపాటును బయటపెట్టింది కూడా వాళ్లలో ఒక అమ్మాయే. రోగి ఒప్పుకున్నాకే రాస్తున్నాను. పేరుతో మనకు పని లేదు.

ఏప్రిల్ మూడో వారం. తొమ్మిదింటికే ఎండ చురుక్కుమంటోంది. పొందూరు నుంచి నూలు వడికే 52 ఏళ్ల ఆవిడ కోడలిని వెంటబెట్టుకుని వచ్చారు. కూర్చోగానే "ఆ ఫ్యాను కాస్త ఆపుతారా బాబూ" అన్నారు. ఆపాం. ఆమె తప్ప గదిలో అందరమూ చెమటతో తడిసిపోయాం.

రెండు చేతులూ మొద్దుబారుతున్నాయి, ఎడమ చేయి మరీ ఎక్కువ. ఎనిమిది నెలలుగా ఇదే బాధ. రాత్రి రెండు మూడు గంటల వేళ వేళ్లలో మంట పుట్టి, చీమలు పాకినట్టుండి మెలకువ వచ్చేస్తోంది. "అప్పుడేం చేస్తారమ్మా?" అని అడిగాను. ఆమె నోటితో చెప్పలేదు. చేయి కిందికి వేలాడేసి, తడి చేతిని విదిలించినట్టు నాలుగుసార్లు విదిలించి చూపించారు. ఆ విదిలింపుతో సగం రోగనిర్ధారణ అయిపోయినట్టే. పిల్లలు మాత్రం దాన్ని రాసుకోలేదు. ఆమె మాట్లాడినప్పుడే వాళ్ల పెన్నులు కదులుతున్నాయి.

అంతకుముందు వేరే చోట మెడ ఎక్స్‌రే తీసి, ఎముక అరిగిందని పట్టీ వేశారట. నరాల బలహీనతకని పది విటమిన్ సూదులు కూడా పొడిచారు. యాభై దాటిన వాళ్లలో చాలామందికి మెడ ఎక్స్‌రేలో ఎంతో కొంత అరుగుదల కనిపిస్తుంది. అరుగుదల ఉండడం వేరు, అదే బాధకు కారణం కావడం వేరు.

నిద్ర చెడుతున్నందుకు ఆమెకు పెద్ద దిగులు లేదు. అసలు దిగులు చివర్లో బయటపడింది: "సన్న నూలు తెగిపోతోంది బాబూ. పోగు వేళ్ల మధ్య ఉందో లేదో తెలియడం లేదు."

ఆ మాట బరువు తెలియాలంటే చిన్న లెక్క వేయాలి. నూరో నంబరు నూలు అంటే ఒక పౌను దూదిలోంచి 84,000 గజాల దారం తీయాలి. అది సుమారు 77 కిలోమీటర్లు. అర కిలో కూడా తూగని నూలుతో శ్రీకాకుళం నుంచి విజయనగరం దాకా దారి పొడవునా పోగు పరవవచ్చు. పొందూరులో ఇంత సన్నని నూలు చేతితోనే వస్తుంది. ఎడమ చేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు కలిసి ఏకును పట్టుకుని వెనక్కి లాగుతాయి. ఏకు అంటే వడకడానికి సిద్ధం చేసిన దూది చుట్ట. లాగే ఒత్తిడి కొంచెం ఎక్కువైతే పోగు తెగుతుంది, తక్కువైతే లావెక్కుతుంది. ఇది కంటికి అందే పని కాదు. వేలి కొసన రెండు మూడు మిల్లీమీటర్ల దూరంలో ఉన్న రెండు మొనలను కూడా రెండుగానే గుర్తిస్తాం. వీపు మీద అయితే వాటి మధ్య నాలుగు సెంటీమీటర్ల ఎడం ఉన్నా ఒకటే అనిపించవచ్చు. వేలి కొసల్లో స్పర్శ గ్రాహకాలు అంత చిక్కగా ఉంటాయి. ఆమె బతుకుతెరువు వాటి మీదే నడుస్తోంది.

చేతి మీద గీసిన పటం

స్పర్శ పరీక్షించడానికి దూది కోసం వెతుకుతుంటే, ఆమే సంచిలోంచి అరటి దొప్పలో పెట్టుకున్న ఏకు తీసిచ్చారు. అంత మెత్తని దూది మందుల షాపులో దొరకదు. దాని కొసన నాలుగు పోగులు లాగి, ఆమెను కళ్లు మూసుకోమన్నాను. తాకినట్టు తెలిసినప్పుడల్లా "ఆ" అనమన్నాను. "ఆ" అన్న చోటుకూ అనని చోటుకూ మధ్య పెన్నుతో గీత గీసుకుంటూ పోయాం.

పావుగంటలో రెండు అరచేతుల మీదా పటం తయారైంది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు మొద్దు. చిటికెన వేలు శుభ్రంగా ఉంది. ఉంగరపు వేలి దగ్గర గీత నిలువునా దిగింది: మధ్యవేలి వైపు సగానికి స్పర్శ లేదు, చిటికెన వేలి వైపు సగానికి ఉంది. అరచేతి నడిమి భాగంలోనూ, బొటనవేలి మొదట్లో ఉండే కండ మీద చర్మానికీ స్పర్శ మామూలే.

ఈ సగం వేలి దగ్గర కాస్త ఆగాలి. చేతికి వచ్చే నరాలకు మెడలోని ఐదో నాడి మొదలు ఛాతీలోని మొదటి నాడి వరకు ఐదు మూలాలున్నాయి. అవి మెడ కింద, చంక పైన కలిసి, విడిపోయి, మళ్లీ కలిసి ఒక అల్లికలా తయారవుతాయి. దాని పేరు బ్రాకియల్ ప్లెక్సస్. మూలం దగ్గరే, అంటే మెడలో, నరం నొక్కుకుంటే ఆ మూలం వంతుకు వచ్చే చర్మపు పట్టీ పొడవునా తేడా వస్తుంది. ముంజేతి మీద కూడా తెలుస్తుంది. వేలు నిలువునా రెండుగా చీలడం మాత్రం మెడ లక్షణం కాదు. అల్లికలోంచి విడివిడిగా బయటికి వచ్చాక నాడులు వేసుకున్న వాటాల లక్షణం అది. అరచేతి వైపు మూడున్నర వేళ్లు మీడియన్ నాడివి, ఒకటిన్నర వేలు అల్నార్ నాడిది. అన్నదమ్ములు పొలం పంచుకుని, ఉంగరపు వేలి నడుమ గట్టు వేసుకున్నట్టు.

కాబట్టి దెబ్బ తిన్నది మీడియన్ నాడి. చంక నుంచి వేలి కొస దాకా ఎక్కడ దెబ్బ తిన్నదో అరచేయి చెబుతుంది. మీడియన్ నాడి మణికట్టుకు చేరకముందే ముంజేతిలో ఒక చిన్న కొమ్మను విడుస్తుంది. ఆ కొమ్మ మణికట్టు కప్పు మీదుగా వెళ్లి అరచేతి చర్మానికి స్పర్శనిస్తుంది, లోపలికి దిగదు. అరచేతికి స్పర్శ ఉండి వేళ్లకు లేకపోతే, ఆ కొమ్మ చీలిన చోటు దాటాకే దెబ్బ తగిలినట్టు. అంటే మణికట్టు సొరంగంలో. కార్పల్ టనెల్ అని పుస్తకాల్లో ఉండేది దీన్నే. మెడ ఎక్స్‌రే వంద తీసినా ఈ సంగతి చెప్పదు. దూది పోగూ పెన్నూ చెప్పాయి.

సొరంగం లోపల

ఇప్పుడు మీ చేయి చూసుకోండి. అరచేతి వైపు మణికట్టు మడత దగ్గర చిటికెన వేలి పక్కన వేలు పెడితే బఠానీ గింజలా ఒక ఎముక తగులుతుంది. అది పిసిఫార్మ్. అదే మడత దగ్గర బొటనవేలి వైపు ఇంకో బొడిపె తగులుతుంది. అది స్కాఫాయిడ్. మణికట్టు ఎముకలు ఎనిమిది, నాలుగేసి చొప్పున రెండు వరుసల్లో దోనెలా అమరి ఉంటాయి. ఆ దోనె రెండు అంచుల మీదుగా అడ్డంగా కట్టిన గట్టి పట్టీ ఫ్లెక్సర్ రెటినాక్యులం, సొరంగానికి కప్పు అదే. కింద ఎముకలు, పైన పట్టీ. రెండూ సాగవు.

ఆ ఇరుకులోంచి తొమ్మిది స్నాయువులు (కండను ఎముకకు కలిపే తాళ్లు), ఒక నరం వెళ్లాలి. స్నాయువులెందుకంటే, వేళ్లలో కండరాలు లేవు. వేళ్లు ముడిచే కండ ముంజేతిలో ఉంటుంది. రాట్నం పెద్ద చక్రం ఒకచోట తిరుగుతుంటే తాడు ద్వారా కదురు ఇంకోచోట తిరిగినట్టు, ముంజేతి కండ లాగితే స్నాయువు ద్వారా వేలు ముడుచుకుంటుంది. నమ్మకం లేకపోతే ఒక చేత్తో ముంజేతిని పట్టుకుని రెండో చేతి వేళ్లు ఆడించండి. నాలుగు వేళ్లకూ రెండేసి చొప్పున ఎనిమిది, బొటనవేలికి ఒకటి, మొత్తం తొమ్మిది. పదోది మీడియన్ నాడి. అది కప్పుకు ఆనుకునే ఉంటుంది.

బొటనవేలినీ చిటికెన వేలినీ కలిపి, మణికట్టు కొంచెం వంచితే మధ్యలో తాడులా ఒకటి లేస్తుంది. పిల్లలు దాన్ని తొమ్మిదిలో కలిపి లెక్కపెట్టారు. అది పామారిస్ లాంగస్ కండరం స్నాయువు, సొరంగంలోకి దిగదు, కప్పు మీదుగా పోతుంది. కొందరికి అది పుట్టుకతోనే ఉండదు. ఆ ఉదయం గదిలో ఉన్న ముగ్గురు విద్యార్థుల్లో ఒక అబ్బాయికి లేదు. కాసేపు కంగారుపడ్డాడు.

అల్నార్ నాడి ఈ సొరంగంలోకి రాకుండా కప్పు పైనుంచి, పిసిఫార్మ్ పక్కగా వేరే దారిన వెళ్తుంది. చిటికెన వేలు బతికిపోయింది అందుకే.

సొరంగంలో మామూలుగా ఉండే ఒత్తిడి 10 మిల్లీమీటర్ల పాదరసం లోపే. మణికట్టు బాగా వంచినా, వెనక్కి విరిచినా అది ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఒత్తిడి 30 దగ్గరికి వచ్చేసరికి నరానికి రక్తం తెచ్చి తీసుకుపోయే సన్నని నాళాలు నలుగుతాయి. మొదట ఆగేది చెడు రక్తం తిరిగి వెళ్లడం. దాంతో నరంలోనే నీరు చేరి, ఇరుకు మరింత ఇరుకవుతుంది. నిద్రలో మనకు తెలియకుండా మణికట్టు ముడుచుకుంటాం. పగలంతా కాళ్లలో దిగిన నీరు పడుకున్నాక ఒళ్లంతా సర్దుకుంటుంది. రాత్రి రెండింటి మెలకువ వెనక ఉన్నది ఇదే. చేయి విదిలిస్తే మణికట్టు నిటారవుతుంది, రక్తం కదులుతుంది, మంట తగ్గుతుంది. ఆమె విదిలింపులో ఇంత శరీరధర్మశాస్త్రం ఉంది.

ఇది నెలల తరబడి సాగితే ఆక్సాన్, అంటే నరంలోని ఒక్కో పోగు, చుట్టూ ఉన్న మయలిన్ తొడుగు పాడవుతుంది. మయలిన్ ఉన్న నరంలో ప్రచోదనం, అంటే నరం మోసే సంకేతం, ఒక రాన్వియర్ కణుపు (తొడుగులో ఖాళీ) నుంచి ఇంకో కణుపుకు దూకుతూ పోతుంది, చేతి నరాల్లో సెకనుకు 50 మీటర్లకు పైగా. తొడుగు చెడిన చోట దూకలేక నడుస్తుంది. ఇంకా నలిగితే ఆక్సానే తెగిపోతుంది. మొదటిది తొందరగా బాగుపడుతుంది. రెండోది ఎంత ఆలస్యమో ఈ కేసు చివర చూస్తారు.

పరీక్షలు మామూలుగానే చేశాను. రెండు చేతుల వెనుక భాగాలూ ఆనించి మణికట్లు వంచి ఉంచమంటే, నిమిషం నిండకముందే ఎడమ చేతికి తిమ్మిరి ఎక్కింది. మణికట్టు మీద వేలితో తడితే మధ్యవేలి దాకా జివ్వుమంది. ఇది టినెల్ గుర్తు. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడ్డ సైనికుల నరాలను పరీక్షిస్తూ ఫ్రెంచ్ వైద్యుడు జూల్ టినెల్ 1915లో రాసింది. దీన్ని గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది. ఎడమ బొటనవేలి మొదట్లో కండ కొంచెం పల్లంగా ఉంది. ఆ కండకు కూడా కొమ్మ మీడియన్ నాడి నుంచే. ఉత్తరాంధ్రలో పనిచేసే వైద్యుడు చేయి మొద్దుబారిన మనిషిని చూస్తే కుష్ఠు సంగతి మరవకూడదు. మచ్చలు లేవు, మోచేతి దగ్గర అల్నార్ నాడి లావెక్కలేదు. చక్కెర మామూలే, పాదాలకు స్పర్శ ఉంది.

నా పొరపాటు

పని గురించి అడిగాను. గింజ తీయకముందు పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారని ఆమె చెబుతుంటే పిల్లలు నమ్మలేదు. రెండోసారి వచ్చినప్పుడు దవడ ముక్క తెచ్చి చూపించారు. కంటికి ఆనీ ఆనని సన్నని పళ్లు, దగ్గర దగ్గరగా, బారులు తీరి. గింజకు అంటుకున్న నలుసునూ పొట్టి నూగునూ అవి లాగేస్తాయి. జువాలజీ పిల్లలకు ఇంకో ముక్క చెప్పాను: ఆ చేప శాస్త్రీయ నామం వల్లాగో అట్టు. ప్రజాతి పేరులో వినిపిస్తున్నది మన వాలుగే.

ఎడమ చేయి పత్తినీ ఏకునూ వేళ్ల మధ్య నొక్కి పట్టాలి. కుడి చేయి మణికట్టు వంచి రాట్నం పిడి తిప్పాలి. ఎడమకు ఎక్కువ, కుడికి తక్కువ. ఎంత చక్కగా కుదిరింది! వృత్తి వల్ల వచ్చిన కార్పల్ టనెల్ అని కాగితం మీద రాసేశాను, కింద గీత కూడా గీశాను. మన జిల్లా, మన రాట్నం, మన కేసు అని లోపల కొంత గర్వం కూడా ఉందేమో.

విద్యార్థుల్లో ఒక అమ్మాయి మెల్లగా అడిగింది: "సర్, ఈవిడ చిన్నప్పటి నుంచి వడుకుతున్నారు కదా. ఎనిమిది నెలల కిందటే ఎందుకు మొదలైంది?"

కోడలు వెంటనే అందుకుంది. "మా పెద్దత్త ఈవిడకన్నా ఎక్కువ వడుకుతుంది. ఆమెకేమీ లేదు."

నేను పెన్ను మూసి, రోగిని మొదటిసారి చూసినట్టు చూశాను. ముఖం ఉబ్బినట్టుంది. కనుబొమలు చివర్లలో పల్చబడ్డాయి. గొంతు బొంగురు. అది దూది నలుసు వల్లనుకుని వదిలేశాను. నాడి నిమిషానికి 56. ఏడాదిలో తొమ్మిది కిలోలు పెరిగారట. మలబద్ధకం, మగత. ఇవన్నీ వయసు మీద తోసేసి ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. మోకాళ్ల మీద కూర్చోబెట్టి మడమ వెనక స్నాయువు మీద సుత్తితో తట్టాను. పాదం చటుక్కున కదిలింది. కదిలినంత వేగంగా వెనక్కి రావాలి కదా, బద్ధకంగా, ఆగి ఆగి వచ్చింది. కండరం వదులు కావడానికి అంత ఆలస్యమైతే ముందు అనుమానించవలసింది అవటు గ్రంథిని, అంటే థైరాయిడ్‌ను. అన్నిటికన్నా ముందు చెప్పింది, ఏప్రిల్ ఎండలో ఆమె ఆపించిన ఫ్యాను. ఆ గ్రంథి తయారుచేసే థైరాక్సిన్ హార్మోను తగ్గితే ఒళ్లు వేడి పుట్టించే పని మందగిస్తుంది, చలి వేస్తుంది.

రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ అనే హార్మోను 58 వచ్చింది. ఉండవలసింది నాలుగు, ఐదు లోపు. థైరాక్సిన్ బాగా తక్కువ. పిల్లలు తికమకపడేది ఇక్కడే: గ్రంథి మందగిస్తే టీఎస్‌హెచ్ ఎందుకు పెరుగుతుంది? అది అవటు గ్రంథిది కాదు, మెదడు కింద ఉన్న పీయూష గ్రంథి పంపే కబురు. పని చేయని కూలీని మేస్త్రీ పిలిచినట్టు, జవాబు రాని కొద్దీ గొంతు పెరుగుతుంది. థైరాయిడ్ మీద దాడి చేసే ప్రతిదేహాలు కూడా ఆమె రక్తంలో కనిపించాయి. అయోడిన్ ఉప్పు మార్చినంత మాత్రాన తీరే సంగతి కాదది.

థైరాక్సిన్ తగ్గినప్పుడు కణాల మధ్య జిగురు వంటి పెద్ద చక్కెర అణువుల గొలుసులు పేరుకుంటాయి. అవి నీటిని పట్టి ఉంచుతాయి. ముఖంలో చేరితే ఉబ్బు, స్వరపేటికలో చేరితే బొంగురు. మణికట్టు సొరంగంలో స్నాయువుల తొడుగుల్లో చేరితే, సాగని గోడల మధ్య నలిగేది నరమే. రెండు చేతులకూ వచ్చిందంటేనే ఒంట్లో వెతకాలని నాకు గుర్తు రావలసింది. రాట్నం నిర్దోషి అనను. రోజంతా నొక్కి పట్టిన ఎడమ చేయి ఎక్కువ చెడింది. కానీ రాట్నం ఎప్పటి నుంచో ఉంది, జిగురే కొత్తగా వచ్చింది.

నరంలో ప్రచోదన వేగం కొలిచే పరీక్షకు విశాఖ పంపాం. మణికట్టు నుంచి బొటనవేలి కండకు కబురు అందడానికి కుడి చేతిలో 4.9, ఎడమ చేతిలో 6.6 మిల్లీసెకన్లు పట్టింది. నాలుగు, నాలుగుంపావు దాటకూడదు. అల్నార్ నాడి రెండు వైపులా మామూలే. ఎడమ చేతిలో వేగంతోపాటు సంకేతం ఎత్తు కూడా తగ్గింది. కొన్ని ఆక్సాన్లు పోయాయన్నమాట.

తర్వాత జరిగింది

థైరాక్సిన్ 50 మైక్రోగ్రాములతో మొదలుపెట్టి పెంచాం. పొద్దున్నే పరగడుపున, టీకి అరగంట ముందు. కాల్షియం మాత్రతో కలిపి వేసుకోవద్దని రెండుసార్లు చెప్పాను. రాత్రి మణికట్టు వంగకుండా రెండు చేతులకూ పట్టీలు. చెమటకు ఒరుస్తున్నాయని లోపల పాత ఖద్దరు గుడ్డ చుట్టుకున్నారు. మంచి ఉపాయం, ఇప్పుడు అందరికీ చెబుతున్నాను. మెడ పట్టీ తీయించాను. థైరాక్సిన్ రక్తంలో సగానికి తగ్గడానికి వారం పడుతుంది కాబట్టి మోతాదు కుదిరిందో లేదో ఆరు వారాల ముందు తేలదు. ఈలోగా పదే పదే రక్తం తీయడం దండగ.

జూన్ చివరికి గొంతు తేటపడింది. ఫ్యాను కింద హాయిగా కూర్చున్నారు. కుడి చేయి పూర్తిగా బాగుపడింది. అందులో చెడింది మయలిన్ మాత్రమే. ఎడమ చేతికి రాత్రి మంట పోయింది గాని స్పర్శ రాలేదు, కండ పల్లం తీరలేదు. ఆక్సాన్లు పోతున్నప్పుడు వేచి చూడడం తప్పు. జూలై రెండో వారంలో, చేతికి మాత్రమే మత్తు ఇచ్చి, సర్జన్ ఆ కప్పును నిలువునా కోసి సొరంగం తెరిచారు. నేను పక్కనే ఉన్నాను. పట్టీ విడిపోగానే కింద నరం బయటపడింది. నొక్కుడు పడిన చోట సన్నగా, దానికి ముందు ఉబ్బి ఉంది.

కుట్లు తీసిన రోజు ఆమె అడిగారు: "ఎన్నాళ్లకు తెలుస్తుంది బాబూ పోగు?"

తెగిన ఆక్సాన్ పాత గొట్టంలోంచి రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది. టేపు తీసి కొలిచాను. ఆమె మణికట్టు మడత నుంచి ఎడమ మధ్యవేలి కొసకు 17 సెంటీమీటర్లు. 170 రోజులు. ఆమె వేళ్ల మీద లెక్కవేసుకుని "అయితే సంక్రాంతికి" అన్నారు. నరం పెరగడం మొదలుపెట్టడానికే కొన్ని వారాలు పోతాయి. "శివరాత్రి అనుకుందామమ్మా" అన్నాను.

నరం ఎంత దూరం వచ్చిందో చూడడానికీ టినెల్ గుర్తే. వేలి కొస నుంచి వెనక్కి తట్టుకుంటూ వస్తే, పెరుగుతున్న ఆక్సాన్ల చివరలున్న చోట జివ్వుమంటుంది. దసరా ముందు వచ్చినప్పుడు ఆ చోటు మడతకు ఆరు సెంటీమీటర్ల అవతల, అరచేతిలో దొరికింది. బాల్‌పెన్నుతో చుక్క పెట్టి, తేదీ వేసి ఫోటో తీసుకున్నాం. ప్రస్తుతానికి ఆమె లావు నూలు వడుకుతున్నారు.